శ్రీరామనవమి ఆర్డర్లు: ఈసారి వడపప్పు కలిపి పంపం

పందిళ్ల కమిటీలవారికి, అపార్ట్‌మెంట్లవారికి, ఇంటికి తెప్పించుకునేవారికి నమస్కారం.

పోయిన నవమికి మేం పంపిన వడపప్పు పులిసిందని కొందరు చెప్పారు. నిజమే, తప్పు మాదే. సీతారాముల కల్యాణం అభిజిత్ లగ్నంలో, అంటే మిట్టమధ్యాహ్నం. ప్రసాదం పంచేసరికి ఒంటిగంట దాటుతుంది. మేమేమో పొద్దున ఏడింటికే అన్నీ కలిపేసి పంపాం. ఉప్పు తగలగానే కీరదోస, మామిడి తురుము నీరు వదులుతాయి. ఆ తడికి, ఎండకి ముందు పచ్చికొబ్బరి పాడవుతుంది, తర్వాత పప్పునీ పాడుచేస్తుంది.

ఈసారి పెసరపప్పు తొమ్మిదింటికి నానబోస్తాం. గంట చాలు. గింజను గోటితో నొక్కితే టక్కున విరగాలి, మెత్తగా మెదిగిందంటే ఎక్కువ నానినట్టే. నీళ్లు వాడ్చి, గుడ్డమీద తడి ఆర్చి, పదకొండున్నరలోపు మీకు చేరుస్తాం. తురుములు వేరే డబ్బాలో, ఉప్పు వేరే పొట్లంలో వస్తాయి. తలంబ్రాలు పోసేటప్పుడు కలపండి, అంతకుముందు వద్దు. కిలో పప్పు నానితే రెండు కిలోల దాకా అవుతుంది, యాభైమందికి దోసిట్లో పెట్టడానికి సరిపోతుంది.

పానకం కూడా తయారుగా పంపం, చిక్కటి బెల్లంనీళ్లుగా ఇస్తాం. రెండు కిలోల బెల్లాన్ని రెండు లీటర్ల నీళ్లలో కరిగించి, ఒక్క పొంగు రానిచ్చి, పలచటి గుడ్డలో వడకడతాం. పచ్చినీళ్లలో కలిపి ఎండలో ఉంచిన పానకమే తొందరగా నురగ కట్టి పులుస్తుంది. వడకట్టినప్పుడు గుడ్డలో చెరకు పీచు, సన్నటి ఇసుక మిగులుతాయి. ఎంత మంచి బెల్లమైనా ఇది తప్పదు. తెల్లగా మెరిసే బెల్లం మేం కొనం, రంగు కోసం మందు వేసి ఉండొచ్చు. అందుకే మా పానకం నల్లగా ఉంటుంది, పాడైందనుకోకండి.

ఆ బెల్లంనీళ్ల డబ్బాకి ఏడు లీటర్ల మంచినీళ్లు కలిపితే పది లీటర్ల పానకం, చిన్న గ్లాసులతో వందమందికి వస్తుంది. 20 గ్రాముల మిరియాలు, 15 గ్రాముల శొంఠి, 5 గ్రాముల ఏలకులు దంచి పొట్లం కట్టి ఇస్తాం. పచ్చకర్పూరం బియ్యపుగింజంత చాలు, ఎక్కువైతే చేదు. పొడులు అడుక్కి దిగుతాయి కాబట్టి ప్రతి గ్లాసుకీ ముందు గరిటెతో కలియబెట్టాలి. లేకపోతే మొదటివాళ్లకి తీపినీళ్లు, చివరివాళ్లకి ఘాటు. నైవేద్యానికి కాచని పానకమే కావాలనేవారు ముందే చెప్పండి, చిన్న చెంబుతో విడిగా కలిపి ఇస్తాం.

చలిమిడి కొద్దిగానే చేస్తాం. రాత్రంతా నానిన బియ్యాన్ని దంచిన తడిపిండితోనే అది ముద్ద కడుతుంది, పొడిపిండితో పగుళ్లు పడుతుంది. బెల్లం బియ్యంలో సగం తూకం దాటితే జారిపోతుంది. పచ్చి చలిమిడి ఆ రోజే తినేయాలి.

ఒంటిమిట్టలో లాగా పున్నమి రాత్రి కల్యాణం చేసేవారు వేళ చెబితే దాన్నిబట్టే పప్పు నానబోస్తాం. నవమి ఆర్డర్లు సప్తమి సాయంత్రం వరకే. చలిమిడి బియ్యం అష్టమి రాత్రే నానాలి, ఎన్ని కిలోలో అప్పటికి మాకు తెలిసి ఉండాలి.