ఛాసీ నంబరు ఒక్కటే చూసి కారు పుట్టుక చెప్పేస్తే ఎలాగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత ఇటలీ స్పోర్ట్స్ కార్ల మీద వేసిన పేజీ చదివానండి. మాది బరంపురం, ఒడిశాలో ఉన్నా ఇంట్లో మాట తెలుగే, పొద్దున్నే చూసే పేపరూ తెలుగే, ఇచ్ఛాపురం దాటి వచ్చేసరికి కాస్త లేటవుద్ది గానీ మేం మాత్రం మానలేదు. ఫొటోలు బావున్నాయి, ఆ ఎర్ర కారు బొమ్మ మా మనవడు కత్తిరించి బీరువా తలుపు మీద అంటించేసుకున్నాడు కూడా. కానీ కింద రాసింది చదివాక ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

ఒక ఫొటో కింద ఫెరారీ వాళ్ల ఫ్యాక్టరీలో తయారైన మొట్టమొదటి కారు, ఈరోజుకీ చెక్కుచెదరలేదు అని రాశారు. పక్కన బాక్సులో మొత్తం ఎన్ని తయారయ్యాయో ఒక అంకె వేశారు. పేజీ అంతా రెండు సార్లు వెతికాను, ఆ బాడీలు కట్టినోళ్ల పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

నాకెందుకు ఇంత పట్టింపు అంటారేమో, మాది లారీ బాడీలు కట్టిన ఇల్లు. నాన్నగారు హైవే పక్కన షెడ్డు వేసి ముప్పై ఏళ్ల పైన క్యాబిన్లూ, సరుకు వేసే వెనక డాలాలూ కట్టారు, ఆయన తర్వాత నేను ఇంకో పద్దెనిమిదేళ్లు. ఆ రోజుల్లో కంపెనీ నించి కొత్త బండి వచ్చిందంటే ఏటనుకున్నారు, ఇంజను, చక్రాలు, రెండు పొడుగు ఇనప దూలాలు (అదే ఛాసీ), ముందు చిన్న రేకు, అంతే. డ్రైవరు ఒక చెక్క పెట్టె వేసుక్కూర్చుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎండనకా వాననకా వందల కిలోమీటర్లు అలగే తోలుకొచ్చేవాడు. దానికి తలా ఒళ్లూ పెట్టేది మేమే. తీరా రోడ్డెక్కాక బండి పేరు కంపెనీది, మా పేరు వెనకాల డాలా మూల మీద పెయింటర్ దయ ఉంటే చిన్న అక్షరాల్లో.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇటలీలో స్పోర్ట్స్ కార్ల పద్ధతీ అచ్చం ఇదేనండి. మాది సాలు చెక్క, వాళ్లది అల్యూమినియం రేకు, అంతే తేడా. ఫెరారీ, మసెరాటి, ఆల్ఫా, లాంచియా లాంటి వాళ్లు ఛాసీ ఇంజను చేసి బయటికి పంపితే, మిలాన్‌లో టూరింగ్, జగాటో, ట్యూరిన్‌లో పినిన్ ఫరీనా, బెర్టోనె, గియా, విన్యాలె, మొడెనాలో స్కాలియెట్టి, వీళ్లు బాడీ కట్టేవాళ్లు. వాళ్ల భాషలో కరోత్సెరియా అంటారు, మన భాషలో బాడీ షెడ్డే. టూరింగ్ వాళ్లది 1926లో పెట్టిన షెడ్డు, సన్నటి ఇనప పైపులతో పంజరం అల్లి దాని మీద అల్యూమినియం రేకు తొడిగేవాళ్లు, సూపర్‌లెజ్జెరా అని పేరు పెట్టుకున్నారు, అంటే మహా తేలిక అని. రేకుని ఇసక సంచి మీద పెట్టి సుత్తితో కొట్టి కొట్టి వంపు తెచ్చే పని, అది చేసినోడికి తెలుస్తుంది, ఎడం వైపు మడ్‌గార్డూ కుడి వైపుదీ ఎప్పుడూ అచ్చు గుద్దినట్టు ఉండవు. అందుకే ఆ కాలపు బండి ప్రతిదీ విడిగా చూడాల్సిందే.

ఇప్పుడు మొదటి కారు సంగతికొద్దాం. ఫెరారీ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ 1939లో ఆల్ఫా రోమియో వదిలి బయటికొచ్చినప్పుడు నాలుగేళ్లు తన పేరు మీద కారు తేకూడదని ఒప్పందం ఉంది. అందుకని 1940లో ఆటో ఆవియో కొస్త్రుత్సియోని అని వేరే పేరు మీద 815 అనే బండి కట్టాడు. 8 సిలిండర్లు, ఒకటిన్నర లీటరు, అదే 815. కట్టినవి రెండే రెండు, బాడీలు టూరింగ్ వాళ్లవి. ఆ ఏడు ఏప్రిల్ 28న బ్రేషా రేసులో ఒకటి ఆల్బెర్తో అస్కారి, ఒకటి లొతారియో రంగోని తోలారు, రెండూ మధ్యలోనే ఆగిపోయాయి. రంగోని యుద్ధంలో పోయాడు, ఆయన బండి తర్వాత తుక్కు కింద పోయింది, అస్కారిది మిగిలింది. మరి ఇది ఫెరారీ మొదటి కారా కాదా? పేరు చూస్తే కాదు, చెయ్యి చూస్తే అవును. ఈ ఒక్క ముక్క రాసినా మీ పేజీకి ఎంతో బరువొచ్చేది.

ఈ 815 ఇంజను వెనక మనకి దగ్గరి చుట్టరికం కూడా ఉంది. దాన్ని ఫియట్ 1100 భాగాల మీద కట్టారు. ఆ ఫియట్ ఇంజను 1089 సీసీ. మన ప్రీమియర్ పద్మిని కారు కూడా 1089 సీసీయే, ఆ వంశమే. ట్యూరిన్‌లో పియెరో దూసియో చేసిన చిసితాలియా 202కీ ఈ ఫియట్ 1100 ఇంజనే, దాని పినిన్ ఫరీనా బాడీ చూసి 1951లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం వాళ్లు ఎగ్జిబిషన్లో పెట్టారు. మా వీధి చివర మామిడిచెట్టు కింద తుప్పు పడుతున్న పద్మినికి అంత గొప్ప దాయాది ఉందంటే దాని ఓనరు నమ్మడు, నేను చెప్పి చూశాను.

అసలు ఫెరారీ పేరు మీద వచ్చింది 1947లో 125 ఎస్. కొలంబో అనే ఇంజనీరు గీసిన 12 సిలిండర్ల ఇంజను, ఒక్కో సిలిండరు 125 సీసీ, అదే పేరు. మే 11న పియాచెంజాలో ఫ్రాంకో కొర్తేసె నడిపితే మధ్యలో ఆగింది, రెండు వారాల్లో రోమ్‌లో గెలిచింది. ఆ ఏడాది లోపే ఇంజను పెంచి దాన్ని 159 అన్నారు, ఆ పైన 166. పాత బండి విప్పి కొత్త బండిలో వాడుకోవడం వాళ్లకి మామూలే, డబ్బుల్లేని రోజులు కదా. ఆ మొదటి 125లు ఉన్నవి ఉన్నట్టు మిగల్లేదు, తర్వాతెప్పుడో కంపెనీ వాళ్లే పాత డ్రాయింగులు పెట్టుకుని ఒకటి మళ్లీ కట్టించారు. ఇంత జరిగాక చెక్కుచెదరలేదు అని రాస్తే మా బోటి వాళ్లకి కడుపులో తిప్పుతుంది.

ఇక బాక్సులో వేసిన ఆ అంకె, ఛాసీ నంబర్లు చూసి వేసినట్టుంది. పాత ఫెరారీల ఛాసీ నంబర్లు వరసగా నడిచేవి కావండి. రోడ్డు బళ్లకి బేసి నంబర్లు, రేసు బళ్లకి సరి నంబర్లు, రెండు వరసలూ దేని దారిన అది నడిచేది. కాబట్టి 50 నంబరు బండి అంటే యాభయ్యో బండి అని అర్థం కాదు. దానికి తోడు గెలిచిన బండికి పేరెక్కువ, అమ్ముడుపోయేది తొందరగా, ఊళ్లు మారేది, రేసులో గుద్దుకుంటే ఇంకో షెడ్డులో ఇంకో బాడీ వేసేవాళ్లు. ఒక్క ఛాసీకి జీవితంలో రెండు మూడు బాడీలు. విప్పిన బాడీ పారేస్తారా, అది ఇంకో ఛాసీ మీదకెక్కేది. ఇప్పుడు చెప్పండి, ఇవి ఎన్ని కార్లు?

మరి నిజం ఎలా తేలుద్ది అంటే పట్టుకోడానికి మంచి దారులున్నాయి. ఇటలీలో 1927 నించి బండ్ల రిజిస్టరు ఉంది, పీఆర్ఏ అంటారు, మన ఆర్టీవో లాంటిదే గానీ చేతులు మారిన వరసంతా అందులో ఉంటది, ఎవరు కొన్నారు, ఏ తేదీ, ఏ ఊరు. నంబరు ప్లేటు మీద జిల్లా అక్షరాలు ఎంఐ అంటే మిలాన్, టీఓ అంటే ట్యూరిన్, ఎంఓ అంటే మొడెనా, ఓనరు జిల్లా మారితే ప్లేటూ మారిపోయేది. అందుకే పాత ఫొటోలో ప్లేటు కనిపిస్తే చాలు, బండి ఆరోజు ఎవరి దగ్గరుందో పట్టుకోవచ్చు. నాకు బాగా నచ్చింది మిల్లె మిల్యా నంబర్లు. బ్రేషా నించి రోమ్ వెళ్లి తిరిగొచ్చే వెయ్యి మైళ్ల రేసు అది, 1949 నించి బండి బయల్దేరిన టైమే దాని నంబరు. 1955లో స్టిర్లింగ్ మాస్ మెర్సిడెస్ మీద 722 అని ఉంటది, పొద్దున్న 7 గంటల 22 నిమిషాలకి వదిలారన్నమాట. మసగ ఫొటోలో మూడంకెలు కనిపిస్తే స్టార్టింగ్ లిస్టు తీసి డ్రైవర్ పేరు చెప్పెయ్యొచ్చు.

అలా పట్టుకున్న బండి ఒకటి, ఫెరారీ ఛాసీ నంబరు 0008ఎం. 1948 ట్యూరిన్ షోలో టూరింగ్ వాళ్లు ఫెరారీ 166 మీద పైకప్పు లేని బాడీ ఒకటి చూపిస్తే, ఒక జర్నలిస్టు దాన్ని చూసి బర్కెత్తా అన్నాడు, చిన్న పడవ అని, ఆ పేరే ఉండిపోయింది. ఆ వరసలోదే 0008ఎం, 1949 ఏప్రిల్లో బియొందెత్తి అనే డ్రైవరు దాంతో మిల్లె మిల్యా గెలిచాడు, జూన్లో అదే బండి ఫ్రాన్స్‌లో 24 గంటల రేసు లె మాన్ కూడా గెలిచింది. అక్కడ 24 గంటల్లో 22 గంటల పైన లుయిజీ కినెట్టి ఒక్కడే తోలాడు. రెండు పెద్ద రేసులూ గెలిచింది ఒకే బండి అని ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నారంటే కాగితాలుండబట్టే.

కాగితం లేనిచోట రేకు చెప్తుంది. డోరు లోపలి ప్యానెల్ విప్పితే, బానెట్ కింద చూస్తే షెడ్డు వాళ్లు గుద్దిన బాడీ నంబరో, సుద్దతో రాసిన గీతో కనపడుతుంది. ఈ మాట నేను చదివి నమ్మింది కాదు, నా కళ్లతో చూశాను. 2003లో గునుపురం వైపు లారీ ఒకటి ఫ్లోరు చెక్క మార్చమని మా షెడ్డుకొచ్చింది. క్యాబిన్ లోపల ప్లైవుడ్ పుచ్చిపోయింది, ఊడదీశాను. వెనకాల పెన్సిల్తో నాన్నగారి రాత, తెలుగులో, "2-2-85 టెక్కలి బండి 4417". ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు. చేతిలో ప్లైవుడ్ ముక్క పట్టుకుని కాసేపు అలగే నిలబడిపోయాను. ఆర్సీ చూస్తే ఛాసీ నంబరు చివర అంకెలు వేరే, బండి మోడల్ 1989. ఇంటికెళ్లి నాన్నగారి పుస్తకం తిప్పితే తేలింది, 4417 టెక్కలి ఆసామిది, ఘాట్ రోడ్డులో బోల్తా పడి ఛాసీ వంకరపోతే క్యాబిన్ ఇంకొకరికి అమ్మేశాడని పక్కనే ఇంకో రంగు సిరాతో రాసుంది. ఆర్టీవోకి పెట్టే కాగితం మీద పెన్సిల్ రుద్ది ఛాసీ నంబరు ప్రింటు తీసుకుంటారు చూడండి, అందులో ఈ కథ ఒక్క ముక్క రాదు. క్యాబిన్ 1985ది, ఛాసీ 1989ది, ఏది పుట్టినరోజు?

అందుకే నా మనవి ఏటంటే, ఇకమీదట ఇలాంటి పేజీలు వేసేటప్పుడు ఫొటో కింద కంపెనీ పేరుతో పాటు బాడీ కట్టిన షెడ్డు పేరు కూడా రాయండి, రెండే మాటలు, చోటు సరిపోద్ది. ఇంకొకటి, శ్రీకాకుళం, విజయనగరం, రాయగడ, పర్లాకిమిడి, మా బరంపురం, ఎక్కడెక్కడ పాత బాడీ షెడ్లున్నాయో వాళ్ల లెక్కల పుస్తకాలు ఇప్పుడు తుక్కు బేరానికి కేజీల్లెక్కన పోతున్నాయి. పోయిన వేసవిలో మా పక్క షెడ్డు వాళ్లు రెండు గోనెసంచులు అమ్మేశారు, నాకు తెలిసేసరికి తోపుడు బండి వెళ్లిపోయింది. వాటి గురించి ఒక పేజీ వెయ్యండి, ఫెరారీ ఫొటో లేకపోయినా మా ఊరోళ్లు చదువుతారు.

నాన్నగారి పుస్తకాలు పదకొండు, ఒకటి చెదలు తినేసింది, పది నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ విలేకరి వస్తానంటే చూపిస్తాను, మధ్యాహ్నం రెండు దాటాక నేను ఇంట్లోనే ఉంటాను. పుస్తకం మాత్రం ఇంటి బయటికి ఇవ్వను, ఫొటోలు తీసుకోమనండి.

ఇట్లు,
పేరు వెయ్యొద్దని కోరుతున్న ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా