పెద్దముక్కుల పొరుగువాళ్ళు

చిట్టితల్లీ,

వ్లాదివోస్తోక్‌లో ఎవరూ నవ్వరు, షాపులో డబ్బులిచ్చినా మొహం గంటు పెట్టుకునే ఉంటారు అని రాశావు. ఎంబీబీఎస్ టెన్షన్ చాలదన్నట్టు ఇదొకటా అని మీ అమ్మ బాధపడింది. నాకైతే నీకంటే ముందు ఆ రష్యన్ల పక్కన బతికిన చైనా, కొరియా వాళ్ళు ఏం రాసుకున్నారో గుర్తొచ్చింది. నువ్వు ఉంటున్న నేల 1860 దాకా చైనా చక్రవర్తిదే. అది రష్యా చేతికి పోయాకే కొరియాకు తుమెన్ నది అవతల కొత్త పొరుగు వచ్చింది.

అంతకు చాలా ముందే, 17వ శతాబ్దంలో, అముర్ నది మీద కోసక్కులు, అంటే రష్యా తరఫున వచ్చిన సాయుధ దండులు, ఊళ్ళు దోచుకుంటుంటే చైనావాళ్ళు వాళ్ళకు బౌద్ధ గ్రంథాల్లోంచి రాక్షసులనే పేరు తీసి పెట్టారు. అవును, మన రాక్షసులే! 1658లో చైనాను ఏలుతున్న చింగ్ ప్రభుత్వం ఒత్తిడి చేస్తే కొరియా వాళ్ళ మీదకు పంపిన తుపాకీ దళానికి షిన్ ర్యూ నాయకుడు, ఆయన డైరీ రాశాడు. రష్యన్ పడవలకు నిప్పు పెడితే పని అయిపోయేది, కానీ అందులోని సరుకు కాలిపోతుందని చింగ్ సేనాని వద్దన్నాడు, ఆ కాసేపట్లోనే పడవల్లోంచి కాల్పులు మొదలై ఈయన మనుషులు పోయారు. ఆ డైరీలో అసలు కోపం శత్రువు మీద కాదు, పక్కన నిలబడ్డ మిత్రుడి మీద. నాకు ఈ సంగతులన్నిటిలో ఎక్కువ నచ్చింది ఇదే.

తర్వాత బీజింగ్ వెళ్ళిన కొరియా రాయబారులు అక్కడ రష్యన్లను చూసి 'పెద్దముక్కు తాతారులు' అని రాసుకున్నారు, తాతారులంటే ఉత్తరాది అనాగరికులని వాళ్ళ లెక్క. ముఖం చిట్లించుకుంటూనే వాళ్ళ బస చూడ్డానికి వెళ్ళేవాళ్ళనుకో.

1880లో టోక్యోలో పనిచేస్తున్న హువాంగ్ జున్‌షియాన్ అనే చైనా దౌత్యవేత్త చిన్న పుస్తకం రాసి కొరియా రాయబారికి ఇచ్చాడు: రష్యాను మించిన ముప్పు లేదు, చైనాను నమ్ముకోండి, జపాన్‌తో కలవండి, అమెరికాతో పొత్తు పెట్టుకోండి అని. మరుసటి ఏడు కొరియా ఆగ్నేయాన ఉన్న యోంగ్నమ్ ప్రాంతపు పండితులు రాజుకు అర్జీ పెట్టారు. రష్యాతో మనకు పగేముంది, లేని శత్రుత్వం మనమే ఎందుకు తెచ్చుకోవాలి, జపానైనా అమెరికా అయినా అందరూ ఒకటేగా అని. వాళ్ళు తలుపులు మూసుకుని కూర్చుందామనే ఛాందసులే, కానీ అడిగిన ప్రశ్న మాత్రం తీసిపారేసేది కాదు. 1895లో కొరియా రాణిని చంపింది జపాన్ వాళ్ళు. 1896 ఫిబ్రవరిలో రాజు గోజోంగ్ పారిపోయి తలదాచుకున్నది సియోల్‌లోని రష్యా రాయబార కార్యాలయంలో, ఏడాది పాటు!

అదే ఏడు రష్యా చక్రవర్తి రెండో నికొలస్ పట్టాభిషేకానికి కొరియా రాయబారి మిన్ యోంగ్‌హ్వాన్ మాస్కో వెళ్ళాడు. చర్చిలోకి వెళ్ళాలంటే టోపీ తీయాలట, కొరియా మర్యాదలో అది కుదరదు, అందుకని బయటే ఉండిపోయారు. రాజుకు ఆశ్రయమిచ్చిన దేశం, అయినా టోపీ టోపీయే. తిరుగు ప్రయాణం సైబీరియా మీదుగా చేశాడు.

చైనాలో మాట మారింది పుస్తకాల వల్ల. రష్యన్ సాహిత్యం మనకు గురువు, స్నేహితుడు అని చైనా రచయిత లూ షున్ 1932లో రాశాడు. అప్పటికి చైనా ఈశాన్యంలోని మంచూరియాలో రష్యా చేసిన పనులు ఎవరూ మరిచిపోలేదు, అయినా రాశాడు. రష్యన్ రచయిత గొగోల్ నవల 'మృత జీవులు' రెండో భాగం అనువదిస్తూనే 1936లో పోయాడు.

డబ్బులు వేశాను, మంచి కోటు కొనుక్కో.

నాన్న