సత్తు గిన్నెలాంటి కవచం

పాలకొల్లు,
శ్రావణం, ముసురు

ఒరేయ్ సూరీ,

నువ్వు రంగులేసిన బొమ్మ ఫొటో చూశాను. గుర్రం అదిరింది, మీసాలు ఇంకా బాగున్నాయి. ఆ నెపోలియన్ కాలపు ఫ్రెంచి క్యూరాసియర్, అదే కవచం తొడిగిన గుర్రపు సిపాయి, రొమ్ము కవచం మాత్రం సత్తు గిన్నెలా ఉందిరా. రంగు డబ్బాని తిట్టకు. బూడిదరంగు ప్రైమర్ (అడుగు పూత) మీదే సిల్వర్ కొట్టేశావు, అదీ తంటా.

చింతపండుతో తోమిన ఇత్తడి చెంబొకటి కిటికీలో పెట్టి చూడు. మెడ దగ్గర తెల్లటి గీత, దాన్ని ఆనుకునే ఇంచుమించు నలుపు. మధ్యరకం బహు తక్కువ. 54 మిల్లీమీటర్ల బొమ్మ మీద వెలుగు తనంతట అంత తేడా చూపించదు, మనమే వెయ్యాలి.

కవచం వరకూ గ్లాసీ నలుపు, అంటే నిగనిగలాడే నలుపు, వేసి ఒక రోజు ఆరనీ. మెరవని మాట్ నలుపు వద్దు, ఆ గరుకు మీద రంగులోని లోహపు రజను అడ్డదిడ్డంగా పడి మెరుపు చెదిరిపోద్ది. సీసా గట్టిగా కుదిపి, స్టీల్ రంగు 3 చుక్కలకి నీళ్ళు 1 చుక్క, పల్చగా 2 పూతలు. నీళ్ళెక్కువైతే రజను విడిపోయి మచ్చలు కట్టుద్ది. కుంచె కడిగే కప్పు వేరే పెట్టుకో, లేకపోతే నీలం కోటు కూడా తళతళలాడుద్ది!

మర్నాడు బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), నలుపు ఆయిల్ రంగులు వైట్ స్పిరిట్ అనే థిన్నర్‌లో టీ డికాషన్ అంత పల్చగా కలిపి రివెట్ల చుట్టూ, చంకల కింద దించు. పావుగంటాగి పైపైన తుడిచెయ్యి. చివర్లో రొమ్ము మధ్య గట్టు మీద మాత్రం సిల్వర్ గీత, వెంట్రుకంత. ఇత్తడి రివెట్ల కింద ఎర్రమట్టి రంగు పడాలి. నలుపు మీద పసుపు పాచిరంగుకి తిరుగుద్ది.

తుపాకీకి రుద్దుదామని నువ్వడిగిన 6బి పెన్సిల్ పొడి (గ్రాఫైట్) ఈ బొమ్మకి వద్దు. అప్పటి ఫ్రెంచి తుపాకీ గొట్టాలు తెల్లగా తోమినవే. రెండో ప్రపంచ యుద్ధం బొమ్మల తుపాకులకి దాచు, మాట్ నలుపు మీద వేలితో రుద్దితే చాలు. గ్రాఫైట్‌కి ఆ గరుకే కావాలి.

ఇహ వార్నిష్. మాట్ వార్నిష్ బట్టలకే, అదీ కుంచెతో. లోహం మీద పడిందా, పడిన పాటంతా పోయినట్టే. ఈ ముసురులో స్ప్రే జోలికి వెళ్ళకు: థిన్నర్ ఎగిరిపోతూ బొమ్మని చల్లబరుస్తది, మన గోదావరి గాలిలో తడంతా దానిమీద కూర్చుని తెల్లగా బూజులా తేలుద్ది. ఎండ కాసిన మధ్యాహ్నం దాకా ఆగు.

రివెట్లయ్యాక ఆ చెంబు పక్కన పెట్టి ఫొటో తీసి పంపు.

నీ
రాంబాబు