నాయన చెవిన పడిన టకటక

వేదాయపాళెం, నెల్లూరు
ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర

రేయ్ మామా,

కోప్పడబాక. నీ ఉత్తరం వచ్చి మూడు నెలలయింది, నాకు తెలుసు. రెండుసార్లు మొదలుపెట్టా, రెండుసార్లూ సగంలోనే ఎవరో ఒకరు పిలిచారు. ఫోన్లో చెప్పొచ్చు గదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు ఊ, ఊ అంటా డ్యూటీకి లేచి పోతావు. ఇది తీరిగ్గా కూర్చుని చదవాల్సిన సంగతిరా. మస్కట్లో శుక్రవారం సెలవు గదా, ఆరోజు చదువు.

ముందు ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మకి మోకాళ్ళు పరవాలేదు. పాప ఒకటో తరగతికొచ్చింది. రొయ్యల రేటు మళ్ళీ పడిపోయింది, చిన్నాయన ఈసారి ఒక గుంట ఎండబెట్టేశాడు. అక్క కూతురికి సీమంతం అయింది. దాని గురించే... దాని గురించి కాదులే, ఆ సీమంతానికి పోతా దారిలో జరిగిందాని గురించే ఈ ఉత్తరమంతా.

ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారు కొన్నానని చెప్పా గదా. 2016 మోడలు, 1.2 లీటర్ టర్బో, 105 హార్స్ పవరు, 7 గేర్ల ఆటోమేటిక్ డీఎస్‌జీ. 2022లో ఆ కంపెనీ మన దేశంలో పోలో ఆపేసిన రోజు మనం ఎంత బాధపడ్డామో నీకు గుర్తుండే ఉంటుంది. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు కంచె పట్టుకుని, ఎండలో నిలబడి, నేలకి అతుక్కున్నట్టు మలుపు తిరిగే రేసు పోలోల్ని చూసి, మనది కూడా అట్టా కూర్చోవాల అనుకున్నాం. అప్పుడు నువ్వు చేసిన సైగ ఇప్పటికీ పాపకి చేసి చూపిస్తా ఉంటా. ఎందుకు నవ్వుతుందో దానికీ తెలీదు.

స్టాకు కారు మన రోడ్లకని ఎత్తుగా కూర్చోబెట్టారు. టైరుకీ, దాని పైనుండే రేకు ఫెండరుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరేవి. 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు తెప్పించా. అంతకన్నా కిందికి పోలా. స్టాకు షాకబ్జార్బర్‌కి ఆడే జాగా అంతే ఉంటుంది, మరీ దించితే గుంట గుంటకీ బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ మీద కొట్టుకుని షాకులు పోతాయి. ఇక చక్రాల దగ్గర నేను చేసిన కసరత్తు నువ్వు చూడాల్సింది. పాత డైరీ ఒకటి నింపేశా. స్టాకు రిమ్ము 15 అంగుళాలు, 6 జే, ఈటీ 40. జే అంటే రిమ్ము వెడల్పు అంగుళాల్లో, ఈటీ అంటే ఆఫ్‌సెట్, ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికొస్తుంది. మద్రాసులో షాపాయన 7.5 జే, ఈటీ 25 చూపించి, ఇది పెట్టుకో సార్, కారు అదిరిపోద్ది అన్నాడు. ఆడే నిలబడి లెక్కేశా. రిమ్ము అంచు స్టాకు కన్నా 34 మిల్లీమీటర్లు బయటికొస్తుంది! ఫెండరు దాటి రోడ్డు మీది బురదంతా వెనకాల వచ్చేవాడి మీద చల్లుకుంటా పోవాల. దానికి తోడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకటుంది గదా, కంపెనీ ఇచ్చిన వివరాలు మార్చి తిప్పితే బండికీ తిప్పలు, ఇన్సూరెన్సుకీ తిప్పలు. నేను 16 అంగుళాలు, 6.5 జే, ఈటీ 38 తీసుకున్నా. బయటికి 8, లోపలికి 4 మిల్లీమీటర్లు, అంతే. టైరు 195/55 ఆర్16. పోలో జీటీకి తర్వాత కంపెనీ వాళ్ళే ఇచ్చిన సైజు అది. స్టాకు 185/60 ఆర్15 ఎత్తు 603 మిల్లీమీటర్లు, ఇది 621, మూడు శాతం తేడా. స్పీడోమీటరు 100 చూపిస్తే ఇంతకుముందు కన్నా మూడు కిలోమీటర్లు ఎక్కువే పోతా ఉంటామన్నమాట.

ఇంత లెక్క వేసినవాడిని బోల్టుల గురించి ఆలోచించలా మామా. షాపాయన చెప్పలా. ఈడ బిగించిన షెడ్డాయనా చెప్పలా.

బిగించింది శనివారం సాయంత్రం, సీమంతం ఆదివారం టంగుటూరులో. తెల్లారి అయిదుకి బయల్దేరాం. నాయన ముందు సీట్లో, అమ్మా నా భార్యా పాపా వెనక. నాయన ఈ స్ప్రింగుల సంగతి తెలిసినప్పటి నుంచీ నాతో సరిగ్గా మాట్లాడతా లేడు. ఉన్నదాన్ని చెడగొట్టుకోవడం దేనికి అని ఒకే మాటన్నాడు, అంతే. పెన్నా బ్రిడ్జి ఎక్కేసరికి తూర్పున ఎర్రగా ఉంది, కింద ఇసకలో నీళ్ళు సన్నగా పారతా ఉన్నాయి. ఆ బ్రిడ్జి మీద కారు ఎంత నిదానంగా, ఎంత గట్టిగా నిలబడి పోయిందో! కోవూరు దాటినాక లేను మారితే వెనకటి లాగా ఒరగడం లేదు, తిప్పిన మరుక్షణం తిరుగుతా ఉంది. నాయన వైపు చూశా. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తా ఉన్నాడు.

80 దాటితే స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది. వీల్ బ్యాలెన్సింగ్ సరిగ్గా చెయ్యలేదనుకున్నా. 70లో పెట్టి పోనిచ్చా. కావలి దాటినాక నాయన ఉన్నట్టుండి ఏసీ ఆపు అన్నాడు. ఆపా. అద్దం దించాడు. చెవి బయటికి పెట్టాడు.

"ఆ టకటక ఏందిరా?"

నాకేం వినపడలా, నిజంగా. స్ప్రింగులు కొత్తవి నాయనా, కూర్చునేదాకా కొంచెం శబ్దం ఉంటుంది అన్నా.

"స్ప్రింగు శబ్దం గుంటలో వస్తుంది. ఇది చక్రం తిరిగినప్పుడల్లా వస్తా ఉంది. ఆపు."

నీకు తెలుసు గదా ఆయన్ని. ముప్పై ఏళ్ళు రైసు మిల్లులో చేసిన మనిషి. నిద్రలో బెల్టు జారితే లేచి కూర్చునేవాడు. మనం చిన్నప్పుడు మొలగొలుకుల బస్తాల మీద పడుకుని ఆటలాడతా ఉంటే, వడ్లు ఆడే హల్లర్ మీద చెయ్యి కూడా పెట్టకుండా, దూరం నుంచే ఎడమ బేరింగు పోతా ఉందిరా అని అరిచింది గుర్తుందా? ఆ గొంతే ఇది. మారుమాట్లాడకుండా ఉలవపాడు ముందు, మామిడికాయలు పోసుకుని అమ్మే పాకల దగ్గర ఆపా. ఒక పంక్చర్ షాపు ఉండాది ఆడ.

గళ్ళ లుంగీ కట్టుకున్న పెద్దాయన వచ్చాడు. ఎడమ ముందు చక్రానికి 17 నంబరు పానా పెట్టేలోపే, నాయన వంగి ఒక బోల్టుని వేళ్ళతో తిప్పాడు. అది తిరిగింది మామా. వేళ్ళతో. అయిదింట్లో మూడు అట్టాగే తిరిగాయి. నా ఒళ్ళు చల్లబడిపోయింది. వెనక సీట్లో పాప అద్దానికి మూతి ఆనించి నన్ను చూసి నవ్వుతా ఉంది. ఇప్పుడు రాస్తా ఉంటే కూడా...

సరే. పెద్దాయన నన్ను తిట్టలా. అబ్బయ్యా, ఇట్టా రా అని కూర్చోబెట్టుకున్నాడు. కుర్రప్పుడు మద్రాసులో విదేశీ కార్ల షెడ్లో చేశాడంట. బోల్టు తుడిచి, తల కింద గుండ్రంగా ఉన్న చోట పల్చగా గ్రీజు రాసి, అల్లాయ్ చిల్లులో పెట్టి బిగించి మళ్ళీ ఊడదీశాడు. గ్రీజంతా అట్టాగే ఉంది. మధ్యలో దారమంత సన్నటి గీత మాత్రం చుట్టూ తుడుచుకు పోయి మెరుస్తా ఉంది. తర్వాత డిక్కీలో ఉన్న మన స్టెప్నీ దించమన్నాడు. అదే బోల్టుకి అట్టాగే గ్రీజు రాసి దాంట్లో బిగించాడు. తీసి చూస్తే గుండ్రమంతా శుభ్రంగా తుడుచుకు పోయింది.

"కంపెనీ చక్రానికి బోల్టు కూర్చునే చోటు గుండు మాదిరి ఉంటాది. బయట కొన్న చక్రానికి గరాటు మాదిరి ఉంటాది. గరాట్లో గోలీ వేస్తే యాడ ఆనతాది? చుట్టూ గీత మీదే గదా. ఎంత బిగించినా అది నిలబడదు."

నేను ఆఫ్‌సెట్ మిల్లీమీటర్లతో సహా లెక్కేసుకున్నా గానీ, పాత చక్రాల బోల్టులే కొత్త చక్రాలకి వేసి బిగిస్తా ఉంటే పక్కనే నిలబడి చూసి, బాగుంది అన్నా. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలా, ఆ మాటే తిరిగింది బుర్రలో.

వణుకు సంగతి కూడా ఆయనే చూపించాడు. చక్రం నడిమి చిల్లులో కూర్చునే పోలో హబ్బు 57.1 మిల్లీమీటర్లు. ఈ అల్లాయ్ నడిమి చిల్లు 73.1. రకరకాల కార్లకి సరిపోవాలని పెద్దగా పోస్తారు, మధ్యలో రింగు వేసుకోవాల. నాకు రింగు ఇవ్వనేలా. నాయన జేబులోంచి పెన్సిలు తీసి హబ్బుకీ రిమ్ముకీ మధ్య పెడితే లోపలికి దూరింది. చక్రం బరువంతా ఆ దారమంత గీతల మీదే ఆనుకుని, నడిమిన కాకుండా పక్కకి కూర్చుని తిరిగిందన్నమాట, నెల్లూరు నుంచి ఆడదాకా, నా వాళ్ళందరినీ ఎక్కించుకుని.

గట్టిగా బిగించుకుని నిదానంగా పోవచ్చా అని అడిగా. పెద్దాయన నోరు తెరిచే లోపల నాయన "వద్దు" అన్నాడు. తమ్ముడికి ఫోన్ చేస్తే పాత చక్రాలు నాలుగూ ట్రక్ ఆటోలో వేసుకుని బయల్దేరాడు. మూడు గంటలు మామిడిచెట్టు కింద కూర్చున్నాం. ఆ వాసన తెలుసు గదా నీకు, మే నెలలో ఉలవపాడు వాసన. బంగినపల్లి కోసి పాప మూతంతా పూసుకుంది. అక్క ఫోన్ల మీద ఫోన్లు. గాజులు తొడిగే వేళకి మేం లేం. అమ్మ ఒక్క మాట అనలా, అది ఇంకా కష్టంగా ఉండింది నాకు.

అప్పుడు నాయన, నన్ను చూడకుండానే, "ఆ బ్రిడ్జి మీద బాగా పోయింది రా బండి" అన్నాడు.

నేనేం మాట్లాడలేకపోయా మామా. నువ్వుంటే బాగుండు అనిపించింది.

పెద్దాయన వంద రూపాయలు మాత్రం తీసుకున్నాడు. ఎంత బతిమాలినా అంతకు మించి ముట్టుకోలా.

మరుసటి వారం మద్రాసు పోయా, కార్ల సామాన్లు అమ్మే పుదుపేటకి. గరాటు తల ఉన్న ఎం14 బోల్టులు ఇరవై, మర పిచ్ 1.5, 73.1 నుంచి 57.1కి రింగులు నాలుగు. పాత బోల్టు ఒకటి జేబులో వేసుకుని పోయి, పక్కపక్కన పెట్టి మర పొడుగు చూసుకుని కొన్నా. పొట్టిదైతే పట్టు చాలదు, పొడుగైతే లోపల తగులుతుంది. చేత్తో తిప్పితే ఏడు చుట్లు పట్టాయి, అప్పటికి గానీ మనసు కుదుటపడలా. ఆటోనగర్లో వేరే మేస్త్రీ దగ్గర పని మొదటి నుంచీ చేయించా. ఆయన ఇంకోటి కనిపెట్టాడు. చక్రాన్ని కారుకి కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్షుల బోల్టులు కారు జాకీ మీద వేలాడతా ఉండగానే బిగించేశారంట ముందు. అట్టా బిగిస్తే కారు కిందికి దిగినప్పుడు బుష్షులో రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. అన్నీ వదులు చేసి, కారుని నేల మీద దించి, బరువు పడినాక బిగించాడు. అలైన్‌మెంట్ చూపిస్తే టో, అంటే ముందు చక్రాల మొహాలు లోపలికో బయటికో తిరిగుండే లెక్క, బాగా తప్పి ఉంది. కారు దించినాక అది చూపించకుండా తిరిగుంటే ముందు టైర్ల లోపలి అంచు గొరిగేసినట్టు పోయి ఉండేది. నువ్వు నీ స్విఫ్ట్‌కి ఏమన్నా చేయిస్తే ఈ రెండూ దగ్గరుండి చూసుకో. దగ్గరుండి అంటే నా మాదిరి కాదు.

ఇప్పుడు ఎట్టా ఉందో చెప్పనా? ఫెండరు కింద రెండు వేళ్ళు. మొన్న పొద్దున్నే మైపాడు పోయొచ్చాం, నేనూ నాయనా ఇద్దరమే. ఇందుకూరుపేట దాటినాక ఆ వంకరల్లో... 100లో కూడా స్టీరింగ్ మీద వేలు పెడితే వేలు కదల్లా. గుంటలు మాత్రం ముందుకన్నా తెలుస్తా ఉన్నాయి, అది ఒప్పుకోవాల. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఏటవాలుగా పోవాల. అయినా సముద్రం ఒడ్డున ఆపి దూరం నుంచి చూస్తే, ఆ కంచె పట్టుకుని చూసినట్టే ఉంది మామా. నీకు ఫోటో పంపించను. వచ్చి చూడు. జనవరిలో వస్తానన్నావు, ఈసారి టికెట్టు మార్చబాక.

ఎంత బలంతో బిగించామో చెప్పే టార్క్ రెంచి ఒకటి కొన్నా. 120 న్యూటన్ మీటర్ల దగ్గర పెడితే సరిగ్గా ఆడికి రాగానే టిక్ అంటుంది. నాయనకి ఆ శబ్దం తెగ నచ్చింది. కొత్త చక్రాలు వేసినాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి మళ్ళొకసారి చూసుకోవాల గదా, మైపాడు పోయొచ్చినాక ఆయనే గొంతుక్కూర్చుని ఇరవై బోల్టులూ, ఎదురూ బొదురూ వరసలో, ఒక్కొక్కటీ టిక్ అనేదాకా...

అదిగో, బయట పిలుస్తా ఉన్నాడు. సాయంత్రం అక్కోళ్ళ ఊరికి పోవాల, ఈసారి భోజనానికి. బోల్టులు చూడకుండా తాళం చెవి ఇవ్వనంటా ఉన్నాడు. పోతా ఉండా. మిగతాది మళ్ళీ

నీ
మామ