త్రైమాసిక ఫలితాల పక్కనే ప్రమోటర్ల షేర్ల తాకట్టు లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

టెక్నాలజీ కంపెనీ అధిపతి ఎవరైనా కేసులో ఇరుక్కుంటే పత్రికల్లో ముందు కనిపించేవి బంగళాలు, కార్లు, వాచీలు. 2009లో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం అధిపతి రామలింగరాజు సూట్లెన్ని, బెల్టులెన్ని, బూట్లెన్ని అన్న కథనాలు రోజుల తరబడి నడిచాయి. పొదుపు సొమ్ముతో సత్యం షేరు కొనుక్కున్నవాళ్లకు అవి ఎందుకూ పనికిరాలేదు.

ఆ ఏడాది జనవరి 7న బోర్డుకు రాసిన లేఖలో రాజు ఒప్పుకున్న అంకెలు వేరు. 2008 సెప్టెంబరు చివరికి పద్దుల్లో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు చూపితే అందులో 5,040 కోట్లు లేనే లేవు. వాటి మీద రావలసిన వడ్డీ అంటూ రాసుకున్న 376 కోట్లూ అంతే. త్రైమాసిక నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు, అసలుది 61 కోట్లు.

లేని డబ్బు బ్యాంకులో ఎలా పుట్టింది? మొదట దొంగ ఇన్‌వాయిస్, అంటే చేయని పనికి బిల్లు, ఎక్కించారు. సీబీఐ దర్యాప్తులో ఇలాంటివి 7,561 బయటపడ్డాయి. ఇన్‌వాయిస్ ఎక్కగానే రాబడి పెరుగుతుంది. కానీ క్లయింటు డబ్బు కట్టడు, ఎందుకంటే ఆ పని జరగనే లేదు. బాకీలు అలా పేరుకుపోతే అనుమానం వస్తుంది కనుక, వసూలైనట్టు చూపి ఆ మొత్తాన్ని బ్యాంకు నిల్వలో కలిపారు. అంత నిల్వ ఉంటే డిపాజిట్ రసీదులు ఉండాలి, వడ్డీ రావాలి. అవీ సృష్టించారు.

ఇక్కడ పట్టుకోవలసింది ఆడిటర్. పద్ధతి కష్టమైనదేమీ కాదు. నిల్వ ధ్రువీకరించమని బ్యాంకుకు ఉత్తరం ఆడిటరే పంపాలి, జవాబు నేరుగా ఆడిటర్ కార్యాలయానికే రావాలి. మధ్యలో కంపెనీ చెయ్యి పడితే ఆ కాగితానికి విలువ లేదు. నగదు నిల్వల ధ్రువీకరణ సరిగా చేయలేదనే 2011లో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, సత్యం ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలకు 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

'లాభం చూడొద్దు, నగదు ప్రవాహం చూడండి' అని నిపుణులు తరచూ చెబుతారు. సత్యంలో ఆ పరీక్ష కూడా మోసపోయేది. వసూళ్లే కల్పితమైనప్పుడు నగదు ప్రవాహమూ బాగానే కనిపిస్తుంది. నిల్వ మీద వడ్డీ ఎంత శాతం వచ్చిందో లెక్క కట్టినా, ఆ వడ్డీయే కల్పితం. కంపెనీ లోపల రాసుకునే ఏ అంకెనైనా మార్చవచ్చు.

కంపెనీని స్థాపించి నడిపించే ప్రమోటర్ల వాటా అలా కాదు, దాని రికార్డు కంపెనీ బయట, షేర్ల ఖాతాలు నిర్వహించే డిపాజిటరీలో ఉంటుంది. సత్యంలో 2001లో నాలుగో వంతు ఉన్న ప్రమోటర్ల వాటా 2008 నాటికి 9 శాతం లోపుకు జారింది. మిగిలినదాన్నీ తాకట్టు పెట్టారు, ధర పడగానే అప్పిచ్చినవాళ్లు అమ్మేసుకున్నారు. షేర్ల మీద తెచ్చిన సొమ్ముతో 300కు పైగా కంపెనీల పేర్ల మీద వేల ఎకరాలు కొన్నారని దర్యాప్తు సంస్థలు చెప్పాయి. విలాసం అని రాయవలసింది దీన్ని. తాకట్టు వివరాలు బయటపెట్టాలన్న నిబంధన అప్పటికి లేదు, ఈ కుంభకోణం తర్వాతే మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తెచ్చింది.

ఇప్పుడు త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో వాటాల పట్టిక స్టాక్ ఎక్స్ఛేంజీలైన ఎన్ఎస్ఈ, బీఎస్ఈ వెబ్‌సైట్లలో వస్తుంది. అందులో ప్రమోటర్ల వరసలో తాకట్టు శాతం ఉంటుంది. ప్రమోటర్ల వాటాలో తాకట్టు సగానికి చేరినా, మొత్తం వాటా మూలధనంలో 20 శాతానికి చేరినా కారణం చెప్పాలని 2019లో సెబీ ఆదేశించింది. ఆ కారణాన్ని తెలుగు వ్యాపార పేజీలో చదివే అవకాశం పాఠకుడికి ఇవ్వండి.

మా విన్నపం ఇంతే. హైదరాబాద్ కంపెనీల ఫలితాలు వేసేటప్పుడు లాభం అంకె పక్కన మూడు గళ్లు కలపండి: ప్రమోటర్ల వాటా, ఏడాది కిందట అది ఎంత, అందులో తాకట్టు ఎంత. రెండు అంగుళాల చోటు చాలు.

— ఆడిట్ వృత్తిలో ఉన్న పాఠకులు, విజయవాడ