గొట్టం నడుమ గీత పడిన రాత్రి

అనంతపురం,
డిసెంబరు.

ప్రియమైన సుధాకర్‌కు,

పాలిమర్ ద్రావణాలకు ఫ్లోరీ సగటు లెక్క చాలునంటూ నువ్వు రాసిన ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు కోప్పడకు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి కొంత నెమ్మదించింది, ఊళ్ళో వేరుశనగ ఇంటికి చేరింది, మేము టవర్ క్లాక్ దగ్గరి ఇల్లు ఖాళీ చేసి విశ్వవిద్యాలయం వైపు మారాము. మిగతా కబుర్లు తర్వాత. ఇప్పుడు చెప్పబోయేది నీకు చెప్పేదాకా నాకు అన్నం సయించేలా లేదు.

పాలీస్టైరీన్‌ను (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న ప్లాస్టిక్, అంటే పాలిమర్) సైక్లోహెక్సేన్ అనే ద్రవంలో కరిగించి, గాజు గొట్టాలలో పోసి, మూతులను మంటతో మూసివేసి, సందిగ్ధ బిందువు (ఒకే ద్రావణంగా ఉండడానికీ రెండు ద్రవాలుగా విడిపోవడానికీ మధ్య తేడా చెరిగిపోయే ఉష్ణోగ్రత, గాఢత) దగ్గర ఆ ద్రావణం ఏం చేస్తుందో చూడాలని నేను తంటాలు పడుతున్న సంగతి నీకు తెలుసు. అణుభారం సుమారు 2,50,000 ఉండి, గొలుసుల పొడవులలో పెద్ద తేడాలు లేని నమూనా ఎట్టకేలకు దొరికింది. పొడుగు గొలుసులూ పొట్టి గొలుసులూ కలగలిసి ఉంటే ద్రావణం మసకబారే గరిష్ఠ ఉష్ణోగ్రత ఒకచోట, అసలు సందిగ్ధ బిందువు మరొకచోట పడి మనిషిని తికమక పెడతాయి. 35 డిగ్రీల పైన ఈ ద్రావణం పూర్తిగా తేటగా ఉంటుంది. చల్లబరుస్తూ పోతే 25 డిగ్రీలకు కొంచెం దిగువన, పాలిమర్ ఎక్కువగా ఉన్న ద్రవం అడుగుకూ, తక్కువగా ఉన్నది పైకీ విడిపోతాయి.

మొన్న రాత్రి నీటి తొట్టిని 26 డిగ్రీలకు దించి, ఇక పదో వంతు డిగ్రీ చొప్పున తగ్గిద్దామనుకుంటుండగా కరెంటు పోయింది. నేను ఎవరిని ఏమని తిట్టానో రాయను. హాస్టల్‌లో మన వార్డెన్ వాడిన మాటలను గుర్తు చేసుకుంటే చాలు. కాసేపటికి పాదరసం థర్మామీటర్ మీద టార్చి వేసి చూసినప్పుడు నోట మాట రాలేదు. తొట్టి చుట్టూ థర్మోకోల్ (అదీ పాలీస్టైరీనే కదా!), బయట డిసెంబరు చలి, నా కంట్రోలర్ ఏనాడూ చేయలేనంత నింపాదిగా ఉష్ణోగ్రత దానంతటదే దిగుతోంది. నీటిని కలిపే స్టిరర్ ఆగిపోయింది కనుక పైనీటికీ అడుగునీటికీ కొంత తేడా ఉండే ఉంటుంది, కాబట్టి ఆ రాత్రి అంకెలను పత్రంలో పెట్టను. కానీ చూసినది మాత్రం చూశాను.

మొదట గొట్టం పక్కల నీలిఛాయ మొదలైంది. టార్చిని గొట్టం వెనుక పెట్టి సూటిగా చూస్తే ఆ తెల్లని వెలుగు తేనెరంగుకు, క్రమంగా మట్టిరంగుకు తిరిగింది. ఆండ్రూస్ 1869లో 31 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌లో గమనించినదీ, స్మొలుకోవ్‌స్కీ 1908లోనూ ఐన్‌స్టీన్ 1910లోనూ లెక్కగట్టినదీ ఇదే. సందిగ్ధ ఉష్ణోగ్రత దగ్గరపడేకొద్దీ గాఢతలోని హెచ్చుతగ్గులు దూరదూరాలకు అల్లుకుంటాయి. ఆ అల్లిక పొడవు, మిగిలిన ఉష్ణోగ్రతా వ్యత్యాసపు 0.63వ ఘాతానికి విలోమంగా పెరుగుతుంది. అంటే వెయ్యో వంతు దూరానికి, మన గొట్టం విషయంలో (కెల్విన్‌లలో లెక్కిస్తే) 0.3 డిగ్రీల దూరానికి వచ్చేసరికి, అది తన సహజమైన కొలతకు దాదాపు 78 రెట్లవుతుంది. అప్పుడది కాంతి తరంగదైర్ఘ్యానికి చేరువవుతుంది కనుక కాంతి దారి తప్పుతుంది.

ఆ తర్వాత గొట్టమంతా తెల్లబడింది. కరెంటు వచ్చినా హీటరు వేయకుండా అక్కడే కూర్చున్నాను. తెల్లవారుజామున గీత పడింది, అదీ సరిగ్గా నడుమ! తక్కువ గాఢత గొట్టాలలో గీత అడుగున పడుతుంది, ఎక్కువ గాఢత ఉంటే పైన పడుతుంది. నడుమ పడిందంటే సందిగ్ధ గాఢత దొరికినట్టే.

ఇక నీతో తగాదా. పాలిమర్ ద్రావణాలకు ఫ్లోరీ, హగ్గిన్స్ ఇచ్చిన సూత్రం ప్రకారం సందిగ్ధ గాఢత 1/(1+√N), N అంటే గొలుసులోని కడియాల సంఖ్య. మన గొలుసులో 2,400 కడియాలు, కాబట్టి 2 శాతం రావాలి. నడుమ గీత పడిన గొట్టంలో అంతకు రెండు రెట్లకు పైగా పాలిమర్ ఉంది. సగటు మీద నమ్మకంతో బతికేవారి లెక్కలు ఇలాగే ఉంటాయి, సగటు శాస్త్రిగారూ! హాస్టల్‌లో మెస్ బిల్లు దగ్గర నిన్ను నమ్మినందుకు మేము అనుభవించినదీ ఇదే. ఆ సిద్ధాంతం ప్రతి గొలుసు చుట్టూ సగటు పరిసరాన్నే ఊహిస్తుంది, హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకోదు. అందుకే విడిపోయిన రెండు ద్రవాల గాఢతల మధ్య తేడాకు ½ ఘాతాంకాన్ని ఇస్తుంది; సందిగ్ధ బిందువుకు బాగా దగ్గరగా కొలిస్తే వచ్చేది 0.326, ఐసింగ్ నమూనా అనే సులువైన త్రిమితీయ అయస్కాంతానికి వచ్చేదే. గొలుసు పొడవుతో సందిగ్ధ గాఢత తగ్గే తీరులోనూ ½ బదులు 0.38 దగ్గర కనిపిస్తుంది. ఫ్లోరీని తక్కువ చేయడం లేదు. గొలుసు పెరిగేకొద్దీ సందిగ్ధ ఉష్ణోగ్రత 34.5 డిగ్రీల థీటా బిందువు (అనంతమైన పొడవున్న గొలుసుకు వచ్చే సందిగ్ధ ఉష్ణోగ్రత) వైపు నడుస్తుందన్న ఆయన మాటను నా గొట్టాలు కూడా ఒప్పుకుంటున్నాయి. పైగా గొలుసు అనంతమైతే ఐసింగ్ ఘాతాంకాలు కనిపించే ప్రాంతం కుంచించుకుపోయి సగటే మళ్ళీ గెలుస్తుందని భౌతిక శాస్త్రవేత్త ద జెన్ 1975లో చూపిన దారి ఒకటుంది, అది నీకు అనుకూలం కనుక దాని గురించి మరీ...

తొట్టి 34 దాటింది, రెండో గొట్టం దించాలి. వేడి చేస్తే విడిపోయే ద్రావణాల సంగతి మరోసారి రాస్తాను. నీ దగ్గర మిగిలిన పది లక్షల అణుభారం నమూనా ఉంటే స్పీడ్ పోస్టులో పంపు.

నీ,
రఘు