డిజిటల్ కీ ఎవరి జేబులో ఉండాలి?

సంపాదకులకు నమస్కారములు.

డిజిటల్ కాలంలో మేనేజర్లకు ఉండవలసిన నైపుణ్యాలను గురించి గత వారం మీ పత్రిక ప్రచురించిన వ్యాసం రెండుసార్లు చదివాను. కృత్రిమ మేధ, డేటా విశ్లేషణ అని పెద్ద మాటలెన్నో చెప్పిన వ్యాసకర్త, మేనేజరు తన సంతకం తానే పెట్టాలన్న చిన్న సంగతిని మరిచారు.

మొన్న నవంబరులో మా వదినగారి కుటుంబ పింఛను పనిమీద నగరంలోని ఒక కార్యాలయానికి వెళ్లాం. ఆమెకు 78 ఏళ్లు. పింఛనుదారు జీవించి ఉన్నారని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించే ప్రభుత్వ సదుపాయం జీవన్ ప్రమాణ్‌లో ఇంటి నుంచే ధ్రువపత్రం తీసుకుని, దాని నంబరు కూడా రాసుకుని వెళ్లాం. ఆ సదుపాయం 2014లోనే మొదలైంది, ముఖ గుర్తింపు 2021లో చేరింది. కబురు మాత్రం ఆ మేనేజరుగారికి ఇంకా చేరలేదు. కాగితం ఉంటేనే నమ్మకమని, రెండు జిరాక్సులు తెమ్మని సెలవిచ్చారు. లిఫ్టు పనిచేయని ఆ భవనంలో ఆవిడ రెండంతస్తులు ఎలా ఎక్కిదిగారో మళ్లీ చెప్పనక్కరలేదు.

తీరా ఆ ధ్రువపత్రాన్ని ఆమోదించింది ఆయన కానే కాదు, పక్కగదిలోని పొరుగు సేవల కుర్రవాడు. మేనేజరుగారి డిజిటల్ కీ, అంటే కంప్యూటరులో ఆయన సంతకం పెట్టే చిన్న పరికరం, ఆ కుర్రవాడి కంప్యూటరుకే గుచ్చి ఉంది. పిన్ నంబరు తెర అంచున చీటీ మీద అందరికీ కనిపిస్తోంది. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చేవ్రాలుతో సమానమైన విలువ ఇచ్చింది. కనుక ఇది ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి బల్లమీద వదిలి టీకి వెళ్లడం వంటిదే. రేపు తేడా వస్తే ఉద్యోగం ఊడేది ఎవరికో ఊహించడం కష్టం కాదు. నేను గుమాస్తాగా చేరిన రోజుల్లో మా సూపరింటెండెంటుగారు రబ్బరు స్టాంపును సైతం బీరువాలో పెట్టి, తాళంచెవి మొలకు కట్టుకునేవారు. ఆయన కంప్యూటరు ముట్టుకుని ఎరుగరు.

శిక్షణలు లేవా అంటే ఉన్నాయి: రెండు రోజులు ఏసీ హోటలు, భోజనం, గ్రూపు ఫోటో, చేతికొక సర్టిఫికెట్. గూగుల్ సంస్థ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు ఇక్కడ పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచి విశాఖ అంతా కృత్రిమ మేధ జపమే. మన మేనేజర్లలో ఎందరు తమ మెయిలు తామే తెరుస్తున్నారో ఎవరూ అడగరు.

వ్యాసకర్త రెండో భాగం రాసేటట్లయితే, పిన్ చీటీ చింపి కీని జేబులో వేసుకోవడాన్ని మొదటి నైపుణ్యంగా చేర్చవలసిందిగా మనవి. వదినగారి పింఛను, ఇది రాసే నాటికి, ఇంకా ‘ప్రాసెస్’లోనే ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం